ఈ నెలకు జామాయిల్ తోట దాకా

మా బడికి బస్సు పోదు. బూర్గంపాడులో పల్లెవెలుగు ఎక్కి అడవి అంచున ఒక స్టేజీ దగ్గర దిగాలి. అక్కడి నుంచి కాలిబాట. బాట మధ్యలో ఒక వాగు అడ్డం వస్తుంది. వాగు దాటి కొంచెం ఎక్కితే కోయగూడెం, గూడెం మొదట్లోనే మా ఒంటిగది బడి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో ఆ బడికి టీచర్ని నేనొక్కదాన్నే. చేరిన కొత్తలో బాట పొడుగునా బిక్కుబిక్కుమంటూ నడిచేదాన్ని. ఆ తర్వాత అలవాటైపోయింది. నడుస్తూ ఆ రోజు చెప్పాల్సిన పాఠమో, సాయంత్రం ఇంట్లోకి కొనుక్కుపోవాల్సిన కూరగాయలో తలుచుకునేదాన్ని. అడవిని చూడటమే మానేశాను.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున బస్సు దిగేసరికి మంచు ఇంకా విడలేదు. వాగు దాకా పోకముందే, బాటకు ఎడమ పక్కన పెద్ద చీమలపుట్టలు ఉన్న చోట ఎండుటాకులు గలగలమన్నాయి. గూడెం వాళ్ల పశువులు అనుకున్నాను. పుట్ట వెనక నుంచి నల్లగా ఒకటి బాట మీదికి వచ్చి నిలబడింది. పెద్ద కుక్కంత ఉంది. ఎలుగు పిల్ల. పిల్ల ఉన్నదంటే తల్లి కూడా ఇక్కడే ఉంటుందన్న ఆలోచన నాకు వచ్చేలోపే తల్లి వచ్చింది.

అది రెండు కాళ్ల మీద లేచింది. మూతి తెల్లగా ఉంది. నేను అరిచానని తర్వాత చెప్పారు గానీ నాకు గుర్తు లేదు. మొహానికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకోవడం గుర్తుంది. నేల మీద బోర్లా పడి ఉండటం, నోట్లోకి మట్టి పోవడం, నెత్తి మీద ఎవరో మరిగే నీళ్లు పోసినట్టు మంట గుర్తున్నాయి. అన్నింటికన్నా దాని ఊపిరి గుర్తుంది. నా చెవి పక్కన అది గస పెడుతూ పీల్చి వదిలిన ఊపిరి, ఆ వాసన. నేను చచ్చిపోయాననుకున్నాను. చచ్చిపోయాక కూడా భయం ఉంటుందా అనుకున్నాను.

బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క ఆ రోజు కట్టెల కోసం మరో ఇద్దరు ఆడవాళ్లతో అటు వచ్చింది. వాళ్లు గొడ్డళ్లతో చెట్ల బోదెలను బాదుతూ కేకలు పెట్టుకుంటూ ఉరికి వచ్చారు. తల్లి ఎలుగు తన పిల్లను తీసుకొని పొదల్లోకి పోయింది. నన్ను నులక మంచం మీద రోడ్డు దాకా మోశారు. రోడ్డు మీద ఒక జీపు ఆపి భద్రాచలం దవాఖానాకు చేర్చారు. జీపులో వెల్లకిలా పడుకొని ఉన్న నాకు గోదావరి వంతెన కమ్మీలు ఒకటొకటిగా వెనక్కి పోతూ కనిపించాయి. అక్క నా తలకు తన కొంగును అదిమి పట్టుకుంది. "నిద్రపోకు టీచరమ్మా, మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉంది. నేను ఎక్కాలు చెప్పానట.

ఎడమ చెవి పైన నెత్తి తోలు లేచిపోయింది. ముంజేయి చీరుకుపోయింది. కుట్లు వేశారు, కుక్క కరిస్తే ఇచ్చే సూదులు కూడా ఇచ్చారు. క్రిస్మస్‌కు ముందు ఇంటికి పంపారు. "చాలా అదృష్టం, కన్ను పోలేదు" అని అక్కడి నర్సు అంది. అందరూ అదే మాట అన్నారు. నేనూ అవునన్నాను.

ఇంటికి వచ్చాకే అసలు సంగతి మొదలైంది. బూర్గంపాడులో మాది కిరాయి ఇల్లు. ముందు గదిలో మా ఆయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. వెనక పెరడు, పెరట్లో ఒక టేకు చెట్టు. మా అత్తమ్మ, ఒకటో తరగతి చదివే మా పాప, మేమిద్దరం. ఒక మధ్యాహ్నం అత్తమ్మ నల్ల గొంగడి ఉతికి దండెం మీద ఆరేసింది. నేను వంటింట్లో నుంచి బయటికి వచ్చి దాన్ని చూసి ఎంత గట్టిగా అరిచానంటే, షాపులో బేరానికి వచ్చిన రైతులు కూడా లోపలికి ఉరికివచ్చారు. వీధి కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంటే నా ఒళ్లంతా చెమట పట్టేది. అన్నింటికన్నా ఎండుటాకు చప్పుడు. టేకాకు ఊరికే రాలదు, నేల మీద పడేటప్పుడు ఎవరో అడుగు వేసినట్టు చప్పుడు చేస్తుంది. పెరటి వైపు తలుపు, కిటికీ రెండూ మూయించాను. పగలు కూడా లైటు వేసుకొని కూర్చునేదాన్ని.

పాప నా దగ్గరికి రావడం మానేసింది. గుండు చేసిన తల, కట్లు చూసి భయపడుతున్నదేమో అనుకున్నాను. ఒకనాడు అది వాళ్ల నాయనమ్మతో గుసగుసగా అనడం విన్నాను. "అమ్మ ఎప్పుడు అరుస్తదో తెల్వదు కదా, నాకు బుగులు అయితది." నేను ఎలుగుకు భయపడినట్టు నా బిడ్డ నాకు భయపడుతున్నది.

ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధనకు మేం పోలేదు, చీకట్లో నేను గడప దాటను కాబట్టి. జనవరి ఒకటిన పొద్దున ఆరాధనకు పోయాం. మాది చిన్న చర్చి, రేకుల కప్పు, అందరికి అందరూ తెలుసు. తలకు కొంగు కప్పుకొని వెనక చాప మీద గోడకు ఆనుకొని కూర్చున్నాను. వెనక గోడ ఉంటే నా వెనక ఏమీ రాదు.

వాక్యం అయ్యాక పాస్టరు అయ్యగారు ఏటా అడిగినట్టే అడిగారు. "కొత్త సంవత్సరంలో మీ తీర్మానం ఏమిటో దేవుని సన్నిధిలో నిలబడి చెప్పండి. ఒక్క మాట చాలు."

తాపీ పనిచేసే ఒకాయన లేచి గుట్కా మానేస్తానన్నాడు. ఆయన భార్య "ఆమేన్" అని అందరికన్నా గట్టిగా అంది. జనం నవ్వారు. ఒక ముసలమ్మ బైబిలు మొదటి నుంచి చివరి దాకా మనవరాలితో చదివించుకొని వింటానంది. ఒక పిల్ల డిగ్రీ పాసవుతానంది. తర్వాత ఎవరూ లేవలేదు. కొందరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ చూపుల్లో జాలి ఉంది. దవాఖానా నుంచి వచ్చినప్పటి నుంచి ఆ జాలి చూపులు చూసీ చూసీ విసిగిపోయి ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"పండగ సెలవులు అయినంక బడి తెరిచే రోజు నేను నా బడికి పోత. ఒక్కదాన్నే పోత. ఇంక భయపడను" అన్నాను.

చర్చి మొత్తం ఒకే గొంతుతో ఆమేన్ అంది. అయ్యగారు నా పేరున ప్రార్థన చేశారు. మా ఆయన మగవాళ్ల వైపు నుంచి చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. పెళ్లినాడు కూడా అంత గర్వంగా చూడలేదు. అత్తమ్మ మాత్రం తల వంచుకొని చాప పుల్లలు గిల్లుతూ కూర్చుంది.

ఆ మాట అన్నప్పటి నుంచి నా భయానికి ఇంకో భయం తోడైంది. ముందు ఎలుగు ఒక్కటే ఉండేది. ఇప్పుడు తారీఖు కూడా వచ్చింది. క్యాలెండరు ఉన్న గోడ వైపు చూడకుండా తిరిగేదాన్ని. వీధిలో కనిపించిన ప్రతి ఒక్కరూ "బడికి పోతున్నవంట కదమ్మా, దేవుడు నీకు తోడుంటడు" అనేవాళ్లు. నేను నవ్వి ఇంట్లోకి వచ్చి మంచం మీద ముడుచుకొని పడుకునేదాన్ని.

బడి తెరిచే రోజు రానే వచ్చింది. మా ఆయన బండి మీద తీసుకుపోయాడు. ఊరు దాటేదాకా బాగానే ఉన్నాను. పత్తి చేలు అయిపోయి చెట్లు రోడ్డుకు దగ్గరగా రావడం మొదలుకాగానే కళ్లు మూసుకొని ఆయన వీపుకు మొహం ఆనించాను. స్టేజీ దగ్గర బండి ఆగింది.

"దిగు" అన్నాడు.

దిగలేదు. కాళ్లకు చెప్తున్నాను, కాళ్లు వినడం లేదు. బాట మొదలు కనిపిస్తున్నది. దాని మీద పండుటాకులు పరుచుకొని ఉన్నాయి. గాలి వచ్చి అవి కొంచెం కదిలాయి. అంతే, ఊపిరి అందలేదు. నా చెవి పక్కన మళ్లీ ఆ గస వినిపించింది. ఆయన చొక్కాను రెండు చేతులతో ఎంత గట్టిగా పట్టుకున్నానంటే గుండీలు తెగిపోయాయి. "తిప్పు, బండి తిప్పు, వస్తున్నది, తిప్పు" అని అరిచాను. ఆయన చుట్టూ చూశాడు. ఏమీ లేదు. బండి తిప్పాడు.

ఇంటికి వచ్చాక ఆయన కోప్పడ్డాడు. అది కోపం కాదు, భయమని నాకు తెలుసు. "ఇగ బడి లేదు ఏం లేదు. ట్రాన్స్‌ఫర్ అడుగుదాం, ఇయ్యకపోతే ఇంట్ల ఉండు" అన్నాడు. ట్రాన్స్‌ఫర్లకు కౌన్సెలింగ్ ఇప్పట్లో లేదు. మండల ఆఫీసులో మెడికల్ లీవు పొడిగించారు, బడికి ఒక విద్యా వాలంటీరును పెట్టారు. "జూన్‌లో బడి తెరిచేనాటికి చేరాలమ్మా, అంతకు మించి నా చేతిలో లేదు" అని అక్కడి సారు మర్యాదగానే చెప్పాడు.

ఆ ఆదివారం చర్చికి పోలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా పోలేదు. ఏ మొహం పెట్టుకొని పోను. ఆ మధ్యాహ్నం అత్తమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ నన్ను పక్కన కూర్చోమంది.

"చర్చిల అందరి ముందట గట్ల ఎందుకన్నవు బిడ్డా?"

"అంటె ధైర్యం వస్తదనుకున్న."

"నోరు అంటె కాళ్లకు వస్తదా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. మిరపకాయలు తుంచుతూనే ఉంది.

"మీ మామ గోదాట్ల పడవ తిరగబడి పోయినప్పుడు నాకు నీళ్లంటె గిట్లనే ఉండె. బిందెల నీళ్లు కదిలినా గుండె దడదడలాడేది. గోదారి దాకా పోవాలె అని నేను ఎన్నడు అనుకోలే. అనుకుంటె పోయేదాన్నే కాదు."

"మరి ఏం జేసినవు?"

"ఏం జేస్త. ముందుగాల బాయి కాడికి పోయిన. గంతే." తొడిమలన్నీ ఒక పక్కకు నెట్టింది. "ఎనక టేకాకు రాలి కుప్పలు పడ్డది. నేను ఊడ్వలేక సస్తున్న. ఇప్పటికి నువ్వు ఊడువు. బడి సంగతి, జూన్ నెల సంగతి తలవకు. ఆకులు ఊడ్చుడొక్కటే."

ఆకులు ఊడవడం ఒక తీర్మానమా అనిపించింది. కానీ మర్నాడు పెరటి తలుపు తీసి గడప మీద నిలబడితే అది చిన్న పనేమీ కాదని తెలిసింది. మొదటి రోజు చెవుల్లో దూది పెట్టుకొని ఊడ్చాను. అయినా చీపురు కింద ఆకులు నలిగే చప్పుడు చేతుల్లోంచి ఒంట్లోకి వచ్చింది. సగంలో చీపురు పారేసి లోపలికి ఉరికాను. ఆ తర్వాత అత్తమ్మ మెట్టు మీద కూర్చొని ఏవో చుట్టాల సంగతులు చెబుతుంటే ఊడ్చాను. తర్వాత దూది తీసేసి ఊడ్చాను. ఆ చప్పుడు నేనే చేస్తున్నాను, నేను ఆపితే ఆగుతుంది. అది ఒంటికి తెలియడానికి చాలా రోజులు పట్టింది. భయం పోయిందా అంటే పోలేదు. పెరడంత మేర మాత్రం కొంచెం తగ్గింది.

ఫిబ్రవరిలో అత్తమ్మ "ఈ నెలకు జామాయిల్ తోట దాకా పోయి రా, చాలు" అంది. మా వీధి చివర, ఊరు అయిపోయిన చోట ఉండేది ఆ తోట. జామాయిల్ చెట్లు గీత గీసినట్టు వరుసలుగా ఉంటాయి, మధ్యలో పొదలుండవు, అటు నుంచి ఇటు వెలుతురు కనిపిస్తుంది. దేనికీ దాక్కునే వీలుండదు. అందుకే అది సరిపోతుందనుకున్నాం. పాపను తోడు తీసుకొని పోయాను, బడి వదిలాక, ఎండ ఉండగానే. మొదటిసారి తోట కనబడగానే ఆగిపోయాం.

"అమ్మా, చెయ్యి గట్టిగ పట్టుకున్నవు. నొప్పి అయితుంది" అంది పాప.

"భయమైతుంది నాకు" అన్నాను. అప్పటిదాకా దానితో ఆ మాట అనలేదు. అరవడమే తప్ప.

అది నా మొహంలోకి చూసి "ఇక్కడ్నే నిలబడదామా మరి?" అంది.

నిలబడ్డాం. తర్వాత రోజుల్లో మొదటి చెట్టు దాకా, ఆ తర్వాత తోట గట్టు దాకా పోయాం. అరవబోయే ముందు నేను దానికి చెప్పేదాన్ని, "ఇప్పుడు నాకు భయమైతుంది" అని. అది తల ఊపేది. రాత్రిళ్లు మళ్లీ నా పక్కన పడుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి మజిలీ నేనే అనుకున్నాను. బస్సెక్కి స్టేజీ దాటి చివరి ఊరి దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగి రావడం. కండక్టరుకు నేను తెలుసు. స్టేజీ దగ్గర బెల్లు కొట్టి బస్సు ఆపాడు.

"మేడం, దిగరా?"

"దిగను. ముందుకు పోనీ."

"ముందట మీకేం పని మేడం?"

"ఏం పని లేదు. చూసి వస్త."

ఆయన నా తల మీది కొంగు వైపు చూసి మళ్లీ బెల్లు కొట్టాడు. తిరుగు ప్రయాణంలో స్టేజీ రాకముందే వచ్చి నా పక్క కిటికీ అద్దం మూశాడు. బస్సు ఎక్కినప్పుడల్లా అరచేతులు చెమటతో జారిపోయేవి. కొన్నిసార్లు స్టేజీ దగ్గర కళ్లు మూసుకున్నాను. ఒకసారి తెరిచి ఉంచాను. ఆ మరుసటిసారి దిగాను.

దిగి రోడ్డు పక్క మైలురాయిని ఆనుకొని నిలబడ్డాను, అడవికి మొహం పెట్టి. తిరుగు బస్సు వచ్చేదాకా నిలబడాలి, అంతే ఆ రోజుకు. నాలుగు దిక్కులకు తల తిప్పుతూనే ఉన్నాను. అంతలో బాట మీద మాటలు వినిపించాయి. వంట చేసే అక్క. కండక్టరు ఎవరితోనో అన్న మాట గూడెం దాకా పోయిందట, టీచరమ్మ బస్సులో వచ్చి దిగకుండా పోతున్నదని. ఆమె ఆ రోజు మరో ఆడమనిషిని తోడు తీసుకొని బస్సు వేళకు వచ్చింది.

దవాఖానా తర్వాత ఆమెను చూడటం అదే మొదటిసారి. నా చెయ్యి పట్టుకొని కుట్ల గీతలు చూసింది. "మానింది" అంది. మేం ముగ్గురం రోడ్డు అంచున కూర్చున్నాం. నేను సిగ్గుపడుతూనే చెప్పాను, ఎంత ప్రయత్నించినా ఆ బాట మీద కాలు పెట్టలేకపోతున్నానని, గూడెంలో మీరంతా రోజూ తిరుగుతారు గదా అని.

"మాకు భయం లేదనుకున్నవా?" అంది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. "మా మరిదికి ఒక కన్ను లేదు, నువ్వు చూసినవు గదా. ఎలుగే గుంజింది. ఆయన ఇప్పటికి ఒక్కడే అడివికి పోడు. నేను గూడ ఆ దినం నిన్ను చూసినంక శాన దినాలు కట్టెలకు పోలే. ఇంట్ల ఉన్న తడికెలే ఇరిచి పొయ్యిల పెట్టిన."

కొంగును నా నెత్తికి అదిమి పట్టుకున్న మనిషి కూడా ఇంట్లో కూర్చొని భయపడి ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

"మరి ఇప్పుడు ఎట్ల వచ్చినవు అక్కా?"

"ఇద్దరం వచ్చినం గద. మాట్లాడుకుంట వచ్చినం."

మార్చి వచ్చింది. ఇప్పపువ్వు రాలే కాలం. ఆ పువ్వంటే ఎలుగుకు ప్రాణం. గూడెం వాళ్లకూ అదే బతుకు. పైగా ఒంటిపూట బడులు, తెల్లవారుతూనే బాటన పడాలి. ఆ వేళకే ఎలుగులు చెట్ల కింద ఉంటాయి. కాబట్టి వేసవి లోపల బడికి పోవాలన్న ఆశ వదులుకున్నాను. ఎండ బాగా ఎక్కాక, అక్క వాళ్లతో కలిసి వాగు దాకా ఒక్కసారి పోయి వెనక్కి రావడం. సెలవులకు ముందు అంతే చాలనుకున్నాను.

అలా ఒక మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ల మధ్యలో బాటన పడ్డాను. నా ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. అక్క నా ముందే ఉంది, ఆమె కొంగు నా పిడికిట్లో ఉంది. వాళ్లు గట్టిగా మాట్లాడుతున్నారు, సగం కోయ, సగం తెలుగు. పుట్టలు ఉన్న చోటు వచ్చినప్పుడు వాళ్ల మాటలు ఇంకా పెద్దవయ్యాయి. నేను నేలనే చూస్తూ నడిచాను. దాటాం. వాగు ఎండి ఇసుక తేలి ఉంది. వాగులోకి దిగి అవతలి గట్టు ఎక్కాం. "వచ్చినవు, ఇంక చాలు గద, తిరుగుదామా?" అంది అక్క. అవ్ అన్నాను. వెనక్కి తిరిగాం.

మేం వచ్చిన గట్టు మీద, మేం వచ్చిన బాట మీదే, అది ఉంది.

నాలుగు కాళ్ల మీద, తల వంచి, ఏదో వాసన చూసుకుంటూ వస్తున్నది. అదే ఎలుగో వేరేదో నాకు తెలియదు. అక్క చెయ్యి వెనక్కి చాపి నన్ను తన వీపుకు అదుముకుంది. నలుగురూ ఒక్కచోటికి చేరారు. ఒకామె గొడ్డలితో రాయిని కొట్టడం మొదలుపెట్టింది. అందరూ ఒక్క గొంతుగా కేకలు వేశారు. నేను కూడా నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. నా చీర తడిసిపోయింది. కాళ్ల వెంట వెచ్చగా కారి మట్టిలోకి ఇంకింది. అది తల ఎత్తి మా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నేను చెప్పలేను. తర్వాత పక్కకు తిరిగింది. తొందర లేకుండా బాట వెంబడి రోడ్డు వైపే పోయి చెట్లలో కలిసిపోయింది.

రోడ్డు వైపు. బస్సు వచ్చే వైపు. మా ఇల్లున్న వైపు.

"ఇప్పుడు అటు పోలేం" అంది అక్క మెల్లగా. "గూడేనికే పోవాలె."

ఆ విధంగా నేను మా బడికి పోయాను. ధైర్యం వచ్చి పోలేదు. తీర్మానం నెరవేరి పోలేదు. వెనక్కి పోయే దారిలో ఎలుగు ఉంది కాబట్టి ముందుకు పోయాను. ఎక్కుడు ఎలా ఎక్కానో తెలియదు. అక్క తన గుడిసెలోకి తీసుకుపోయి తన చీర ఇచ్చింది. తడిసిన చీరను తానే పిండి తడిక మీద వేసింది. ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు. పెద్దామె ఒకతె మాత్రం, తన కోడలికి కూడా ఒకసారి అట్లనే అయిందని, ఆకాశం వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

బడి అప్పటికి వదిలారు. వాలంటీరు వెళ్లిపోయాడు. పిల్లలు కొందరు వచ్చి గుడిసె ముందు నిలబడి నన్ను చూశారు. ఒక పిల్ల ధైర్యం చేసి దగ్గరికి వచ్చి నా నెత్తి మీద మొలుస్తున్న కుచ్చు వెంట్రుకలను చూసి "మేడం, నొప్పి ఉన్నదా?" అంది. ఉన్నదన్నాను. "భయమున్నదా?" అంది. ఉన్నదన్నాను. అది అర్థమైనట్టు వెనక్కి పోయి మిగతా పిల్లల్లో కలిసింది. సాయంత్రం తునికాకు ఆరబెట్టే కల్లం పనికి వచ్చిన ట్రాక్టరు మీద, చుట్టూ మనుషులు కూర్చోగా, చుట్టు దారిలో రోడ్డుకు చేరాను.

ఆ వారమంతా జ్వరం. నిద్రలో గట్టు మీది నల్లటి ఆకారమే. మళ్లీ మొదటికి వచ్చాననుకున్నాను. మా ఆయన బడి మాట ఎత్తకుండా మంచం పక్కన కూర్చునేవాడు. ఒక సాయంత్రం అత్తమ్మ గంజి తెచ్చి, తాగేదాకా అక్కడే నిలబడి, ఉన్నట్టుండి అంది.

"నేను నిన్ను ఆకులు ఊడువుమన్నది నువ్వు బడికి పోవాలెనని కాదు బిడ్డా."

"మరి?"

"ఆకులు ఊడ్చుకుంట ఇంట్లనే ఉంటవనుకున్న. జామాయిల్ తోట దాకా పోయి తృప్తి పడతవనుకున్న. నా కొడుక్కు పెండ్లాం ఉంటది, పిల్లకు తల్లి ఉంటది అనుకున్న. నువ్వు బస్సెక్కుతవని నేను అనుకోలే." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మామ పోయినంక నేను గోదారి దాకా పోయిన్నని నువ్వనుకుంటున్నవేమో. పోలే. బాయి కాన్నే ఆగిన. ఇప్పటికి భద్రాచలం పోయేటప్పుడు వంతెన మీద కండ్లు మూసుకుంట."

ఆమె మీద నాకు కోపం రాలేదు. గంజి తాగాను. జూన్‌లో బడి తెరిచాక పోవాలా వద్దా అని ఆ రాత్రి మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. ఒక్కదాన్నే పోను అన్నది ముందు తేల్చుకున్నాం. అత్తమ్మ ఆ ఒక్క మాట దగ్గర ఒప్పుకుంది.

జూన్‌లో చేరాను. గూడెం నుంచి రోజుకు ఎవరో ఒకరిద్దరు బస్సు వేళకు రోడ్డుకు వచ్చేవాళ్లు. నాకోసం ఎవరో పంపినట్టు కాకుండా, ఉప్పుకో కిరసనాయిలుకో పోయేవాళ్లు వాళ్ల పని ఆ వేళకు మార్చుకున్నారు. ఎవరూ రాని రోజు మైలురాయి దగ్గరే నిలబడేదాన్ని. ఒకోసారి చాలాసేపు. రెండుమూడుసార్లు తిరుగు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను, ఆ రోజుకు లీవు పెట్టుకున్నాను. పుట్టలున్న చోట ప్రతిరోజూ నా నోరు ఎండిపోయేది. వానలు పడి బాట పచ్చబడ్డాక కూడా, ఎండుటాకు ఒక్కటి లేనప్పుడు కూడా. అది తగ్గుతుందని ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం మానేసి, పుట్టలకు ముందే సీసాలో నీళ్లు తాగడం అలవాటు చేసుకున్నాను.

చర్చికి మళ్లీ పోవడం మొదలుపెట్టాను. కొత్త సంవత్సరానికి అయ్యగారు అడిగినప్పుడు లేవలేదు. ఆయన కూడా నా వైపు చూడలేదు, దయగల మనిషి.

ఆ ఏడు ఒంటిపూట బడులు దగ్గరపడుతున్నప్పుడు పిల్లల తల్లులను బడి అరుగు మీద కూర్చోబెట్టి నా పరిస్థితి చెప్పాను. తెల్లవారుజామున ఆ బాటన నేను రాలేనని, ఎండ ఎక్కాకే వస్తానని, ఆలస్యమైనంత సేపు మధ్యాహ్నం ఉండి చెప్తానని, మండలంలో సారును కూడా అడిగానని. వాళ్లు మీద పడతారేమోనని మాట తడబడింది.

అక్క అందరి వైపు చూసి నవ్వింది. "మేము తెల్లారకముందే ఇప్పపువ్వుకు పోయి వచ్చేదాకా పిల్లలకు తలకు నీళ్లు పోసేటోళ్లే ఉండరు" అంది. "నువ్వు ఎండ ఎక్కినంకనే రా టీచరమ్మా. మాకు గూడ అదే మంచిగుంటది."